దేశ సంస్కృతి మన విలువల్ని, నడవడికని, మాటని ఎలా మలుస్తుంది? నల్గొండ, పాలమూరు విద్యార్థులూ తల్లిదండ్రులూ తరచుగా అడిగే ప్రశ్నలు

నేను నల్గొండలో డిగ్రీ పిల్లలకు పాఠాలు చెప్తాను. దేవరకొండ, మర్రిగూడ, హాలియా, అచ్చంపేట, మక్తల్ వైపు నుంచి వచ్చి చదువుకుని హైదరాబాద్ కంపెనీలకో, అమెరికాకో, జర్మనీకో వెళ్లే పిల్లలు, వాళ్ల అమ్మానాన్నలు అడిగే ప్రశ్నలివి. కొన్నింటికి జవాబు రెండు ముక్కల్లో అయిపోతుంది. కొన్నింటికి కొంచెం కూర్చుని మాట్లాడుకోవాలి.

దేశ సంస్కృతి అంటే ఏమిటి? బతుకమ్మ, బోనాలు, సకినాలు ఇవేనా?

ఇవి కళ్లకు కనబడేవి. కనబడనిది ఇంకోటి ఉంటుంది. ఎవరూ చెప్పకపోయినా "ఇదే పద్ధతి" అని మనకు అనిపించేది అది. చుట్టం గడప దాటగానే నీళ్లివ్వడం, పెద్దాయన వస్తే మంచం మీద కూర్చున్నవాళ్లు లేవడం, బడిలో సార్ లెక్క తప్పు చేసినా ఎవరూ నోరు విప్పకపోవడం, పెళ్లి సంబంధం సంగతి పిల్లకంటే ముందు మేనమామకు తెలియడం. వీటిని పుస్తకంలో చదివి నేర్చుకున్నవాళ్లు లేరు. చిన్నప్పుడే ఒంటబడతాయి, అందుకే పెద్దయ్యాక ప్రపంచమంతా ఇలాగే ఉంటుందనిపిస్తుంది.

ఇందులో దేశం వాటా ఎంత అన్నది అడగాల్సిన ప్రశ్నే. నారాయణపేట, మక్తల్ వాళ్లకు ఢిల్లీ కంటే రాయచూరు దగ్గర. చుట్టరికాలు, సంతలు, మాట అన్నీ రాష్ట్రం హద్దు దాటి కలిసిపోయాయి. అయినా నారాయణపేట పిల్లాడు, రాయచూరు పిల్లాడు, పాట్నా పిల్లాడు ముగ్గురూ టీచర్ రాగానే లేచి నిలబడతారు. ముగ్గురి ఇళ్లలోనూ పదో తరగతి మార్కులంటే ఒకే టెన్షన్. ముగ్గురి ఊళ్లలోనూ సర్కారు కొలువుకు ఒకే గౌరవం. ఒకే తరహా బడి, పరీక్ష, ఆఫీసు, చట్టం కొన్ని తరాలు నడిస్తే భాష, కులం, ప్రాంతం వేరైనా కొన్ని అలవాట్లు ఒకటవుతాయి. దేశ సంస్కృతి అని చెప్పుకోదగ్గది అంతవరకే. దానికింద ప్రాంతం, కులం, మతం, వృత్తి, ఇల్లు అన్నీ వాటి పని అవి చేస్తూనే ఉంటాయి.

దేశాల సంస్కృతిని అంకెల్లో కొలిచారట. ఎవరు, ఎలా?

నెదర్లాండ్స్‌కు చెందిన గీర్ట్ హోఫ్‌స్టెడ్. 1967 నుంచి 1973 వరకు ఐబీఎం కంపెనీ తన వివిధ దేశాల ఉద్యోగులతో నింపించిన లక్షకు పైగా ప్రశ్నపత్రాలను ఆయన దేశాలవారీగా సరిపోల్చి, 1980లో ఆ ఫలితాలు ప్రచురించాడు. మొదట నాలుగు కొలతలు పెట్టాడు, తర్వాత అవి ఆరయ్యాయి. మన పిల్లలకు పనికొచ్చేవి ముఖ్యంగా రెండు.

ఒకటి అధికార దూరం. పైవాడికీ కిందివాడికీ మధ్య తేడా ఉండటాన్ని కిందివాళ్లు ఎంత సహజంగా తీసుకుంటారన్నది. ఇందులో ఆస్ట్రియాకు 11, జర్మనీకి 35, అమెరికాకు 40, ఇండియాకు 77, మలేసియాకు 104 వచ్చాయి. రెండోది వ్యక్తివాదం. మనిషి తనను తాను విడిగా చూసుకుంటాడా, ఇంటితో, గుంపుతో కలిపి చూసుకుంటాడా అన్నది. అమెరికాకు 91, ఇండియాకు 48, జపాన్‌కు 46, గ్వాటెమాలాకు 6. ఇవి శాతాలు కావు, దేశాన్ని దేశంతో పోల్చడానికి కట్టిన సూచికలు. అందుకే 100 దాటినవీ ఉన్నాయి.

ఇండియాకు 77 అంటే మా ఊళ్లో అందరూ పెద్దలకు తల వంచుతారనా?

అలా చదవకూడదు. దేశం సగటును పట్టుకుని మనిషిని అంచనా వేయవద్దని హోఫ్‌స్టెడే స్పష్టంగా చెప్పాడు. పైగా ఆ ప్రశ్నపత్రాలు నింపింది ఎవరో చూడండి. ఒక అమెరికన్ కంపెనీలో ఉద్యోగం దొరికినవాళ్లు. 1978లో ఐబీఎం ఇండియా నుంచి వెళ్లిపోయింది, మళ్లీ వచ్చింది చాలా ఏళ్ల తర్వాత. ఆ 77లో పాలమూరు రైతు లేడు, గద్వాల చేనేత మగ్గం ముందు కూర్చున్న మనిషి లేడు, తండాలో ఉన్న లంబాడా అవ్వ లేదు. ఒకే కంపెనీ వాళ్లను పోల్చాం కాబట్టి మిగిలిన తేడా దేశానిదే అన్నది హోఫ్‌స్టెడ్ వాదన. ఒక కంపెనీ మనుషుల్ని చూసి దేశాన్ని ఎలా చెప్తారని 2002లో బ్రెండన్ మెక్‌స్వీనీ అనే పరిశోధకుడు గట్టిగా ప్రశ్నించాడు. నా మొగ్గు మెక్‌స్వీనీ వైపే. అంకెలు పారేయమని మాత్రం అనను, మొదటి ఊహకు పనికొస్తాయి.

మన జిల్లాల్లోనే ఎంత తేడా ఉందో చూస్తే సంగతి అర్థమవుతుంది. నల్లమలలో అమ్రాబాద్ వైపు చెంచుపెంటల (చెంచుల గూడేల) మధ్య 1940ల్లో ఉండి రాసిన మానవశాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్, అక్కడ మనుషుల మధ్య హెచ్చుతగ్గులు చాలా తక్కువని, ఒక గుంపులో పొసగకపోతే కుటుంబం ఇంకో గుంపులోకి వెళ్లిపోవచ్చని గమనించాడు. అదే కాలంలో కొండ దిగి మైదానంలోకి వస్తే గద్వాల, వనపర్తి, కొల్లాపూర్ సంస్థానాలు, దొరలు, పటేల్, పట్వారీలు. అప్పట్లో రెండూ ఒకే మహబూబ్‌నగర్ జిల్లా. ఈ రెండింటికీ కలిపి ఒక అంకె వేస్తే ఆ అంకె ఎవరి గురించి చెప్పినట్టు?

పెద్దవాళ్ల ముందు మాట్లాడకపోవడం మన సంస్కృతా, భయమా?

అన్నిటికంటే ఎక్కువగా నన్ను అడిగే ప్రశ్న ఇదే. నేను అన్నిటికంటే ఎక్కువగా ఆలోచించేదీ దీని గురించే.

రెండూ ఉన్నాయి. తాత మాట్లాడుతుంటే మనవడు అడ్డు రాకపోవడం మర్యాద. అక్కడ మనవడికి పోయేదేమీ లేదు, తాత మీద ప్రేమ ఉంది కాబట్టి ఆగుతాడు. కానీ చాలాచోట్ల మనం మర్యాద అనుకునేది నిజానికి లెక్క చూసుకుని ఊరుకోవడం.

పాలమూరు లేబర్ సంగతే తీసుకోండి. దేశంలో ఎన్నో డ్యాములు, కాలువలు, రోడ్లు కట్టిన చేతులవి. గుంపు మేస్త్రీ ఊరికొచ్చి ఇంటింటికీ అడ్వాన్స్ ఇస్తాడు. బిడ్డ పెళ్లికో, దవాఖానకో, బోరుకు చేసిన అప్పు తీర్చడానికో ఆలుమగలు ఇద్దరూ జతగా ఒప్పుకుంటారు. పని దగ్గర వారానికింత ఖర్చులకు ఇస్తారు, అసలు లెక్క ఊరికి తిరిగొచ్చే ముందు. ఇంజనీరు వచ్చి "ఏమన్నా ఇబ్బందా?" అని అడుగుతాడు. నీళ్లు సరిగా రావు, రేకుల షెడ్డులో పిల్లలకు జ్వరాలు. అయినా అందరూ మేస్త్రీ వైపు చూస్తారు, మేస్త్రీ "ఏం లేదు సార్, అంత మంచిగనే ఉంది" అంటాడు. అది చూసిన ఇంజనీరు వీళ్లది అణకువ కల సంస్కృతి అని రాసుకోవచ్చు. ఆ జత మనిషికి మాత్రం మేస్త్రీ జేబులో ఉన్న లెక్క పుస్తకం కనబడుతోంది. అదే మనిషి ఊళ్లో గెట్టు తగాదా వస్తే నలుగురిలో నిలబడి గొంతెత్తి మాట్లాడతాడు, తన మాట నెగ్గించుకుంటాడు కూడా. వెట్టి కట్టుబాటును రద్దుచేసిన చట్టం 1976లో, వలస కూలీల కోసం చట్టం 1979లో వచ్చాయి. అడ్వాన్స్ మాత్రం ఇంకా మనుషుల నోరు కడుతూనే ఉంది.

చరిత్రలోకి వెళ్లినా ఇదే కనబడుతుంది. దొర గడీ (కోట లాంటి ఇల్లు) ముందు చెప్పులు చేతబట్టుకుని నడిచిన నల్గొండ ఊళ్లే 1946 నుంచి 1951 దాకా సాయుధ పోరాటం చేశాయి. వెట్టి చేసినవాళ్లూ, తిరగబడినవాళ్లూ వేర్వేరు జాతులు కారు, చాలాచోట్ల వాళ్లే వీళ్లు. 1951 ఏప్రిల్ 18న పోచంపల్లిలో వినోబా భావే దళిత కుటుంబాలను ఏం కావాలని అడిగితే, వాళ్లు తడుముకోలేదు. 80 ఎకరాలు కావాలన్నారు, తరీ (నీటి సాగు) ఎంతో ఖుష్కీ (మెట్ట) ఎంతో కూడా చెప్పారు. వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరాలు ఇస్తానని లేచాడు, భూదానోద్యమం అక్కడ మొదలైంది. అడిగే మనిషి మీద నమ్మకం ఉండి, చెప్తే నష్టం లేదనుకుంటే మనవాళ్లు చక్కగా చెప్తారు.

అందుకే పిల్లలకు నేను చెప్పేది: ఎవరైనా మాట్లాడకపోతే "వాళ్ల సంస్కృతి అంతే" అనే ముందు, మాట్లాడితే వాళ్లకు పోయేదేంటో కనుక్కోండి. రేపు మీరు టీమ్ లీడర్ అయినప్పుడు ఇది ఇంకా అవసరం.

ముఖం మీద "కాదు" అని ఎందుకు చెప్పలేం?

ఎడ్వర్డ్ హాల్ అనే అమెరికన్ మానవశాస్త్రవేత్త 1976లో దీన్ని బాగా వివరించాడు. కొన్ని సమాజాల్లో చెప్పాల్సిందంతా మాటల్లోనే ఉంటుంది. కొన్నింట్లో సగం మాటల్లో, మిగతా సగం ఎవరు, ఎవరితో, ఎప్పుడు, ఏ గొంతుతో అన్నారన్న దానిలో ఉంటుంది. జర్మన్ స్విస్ వాళ్లను మొదటి వైపు, జపాన్ వాళ్లను రెండో వైపు పెట్టాడు హాల్. అయితే ఆయన అంకెలు ఇవ్వలేదు. తన అనుభవం, గమనింపు మీదే రాశాడు, అది గుర్తుంచుకోవాలి.

మన వైపు చూడండి. చాయ్ హోటల్ దగ్గర ఒకాయన "బావా, ఓ ఇరవై వేలు సర్దుతవా" అంటాడు. ఇవతలాయన కాసేపు గ్లాసు వైపు చూసి "పత్తి అమ్మినంక చూద్దాం తియ్" అంటాడు. ఇద్దరికీ తెలుసు, ఇవ్వడని. ఇద్దరి పరువూ నిలబడింది, రేపు ఇదే బెంచీ మీద మళ్లీ కలిసి చాయ్ తాగొచ్చు. ఒకే ఊళ్లో జీవితమంతా ఎదురుపడే మనుషులు కనిపెట్టుకున్న మంచి పద్ధతి ఇది. దీన్ని లోపం అని ఎవరన్నా అంటే నేను ఒప్పుకోను.

చిక్కంతా ఈ అర్థం తెలియని మనిషి ఎదురైనప్పుడే. అమెరికా మేనేజర్ "శుక్రవారానికి అవుతుందా?" అంటే మన పిల్లాడు "ట్రై చేస్తా సార్" అంటాడు. కష్టమని తన భావం. అవతలాయన అయిపోతుందని రాసుకుంటాడు. శుక్రవారం అవ్వకపోతే మాట తప్పాడంటాడు. దీనికి నేను చెప్పే మార్గం "నో" అని తెగేసి చెప్పమని కాదు, తేదీతో చెప్పమని. "శుక్రవారానికి మొదటి సగం ఇస్తాను, మిగతాది బుధవారం." మర్యాదా పోదు, అయోమయమూ ఉండదు.

టైమ్ విషయంలో మనవాళ్లు అంతేనా?

పెళ్లికి పది గంటలంటే పన్నెండుకు వచ్చే మనిషే పొద్దున పాలకేంద్రం దగ్గరికి ఒక్క నిమిషం లేటుగా రాడు. వ్యాను వెళ్లిపోతే క్యాను పాలు ఇంటికి మోసుకుపోవాలి. పొద్దున ఊరికొచ్చే ఒక్క ఆర్టీసీ బస్సును మిస్సయ్యేవాళ్లూ తక్కువే. లేటయితే నష్టపోయే చోట అందరూ టైమ్‌కే ఉంటారు.

రాబర్ట్ లెవిన్ అనే మనస్తత్వవేత్త 31 దేశాల్లో పెద్ద నగరాల్లో మూడు చూశాడు: ఫుట్‌పాత్ మీద మనుషులు ఎంత వేగంగా నడుస్తారు, పోస్టాఫీసులో స్టాంపు ఎంతసేపట్లో ఇస్తారు, బ్యాంకుల్లో గడియారాలు ఎంత సరిగా ఉన్నాయి. 1999లో వచ్చిన ఆ ఫలితాల్లో స్విట్జర్లాండ్, ఐర్లాండ్, జర్మనీ ముందున్నాయి, మెక్సికో చివర. డబ్బు బాగా ఆడే చోట్ల, చలి ప్రదేశాల్లో, వ్యక్తివాదం ఎక్కువున్న చోట్ల వేగం ఎక్కువ కనబడింది. అంటే టైమ్ అలవాటు వెనక బతుకుదెరువు కూడా ఉంది. హైదరాబాద్ కంపెనీలో చేరిన మన పిల్లలు చూస్తుండగానే మారిపోవడం నేను గమనించాను. పుట్టుక మారలేదు కదా, లేటయితే జరిగేది మారింది.

వరి పండించే చోట మనుషుల తీరు వేరుగా ఉంటుందంటారు, నిజమేనా?

చైనా గురించి అలాంటి పరిశోధన ఉంది. థామస్ టాల్‌హెల్మ్ బృందం 2014లో ప్రచురించింది. చైనా దక్షిణాన వరి, ఉత్తరాన గోధుమ. వరికి నీళ్లు పంచుకోవాలి, కాలువలు కలిసి బాగు చేసుకోవాలి, నాట్లకు ఒకరికొకరు సాయం పట్టాలి. వెయ్యి మందికి పైగా చైనా విద్యార్థులను పరీక్షిస్తే, వరి ప్రాంతాల వాళ్లు సంబంధాలను బట్టి, గోధుమ ప్రాంతాల వాళ్లు విడిగా, విశ్లేషణగా ఆలోచించే మొగ్గు కనబరిచారు. దేశం ఒకటే, పంట వేరు. దేశ సంస్కృతి అనే మాటను జాగ్రత్తగా వాడాలని చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

మన దగ్గర ఎవరన్నా ఇలా కొలిస్తే బాగుండు అని నా కోరిక. సాగర్ ఎడమ కాలువ కింద మిర్యాలగూడ, హుజూర్‌నగర్ వరి; దేవరకొండ, కల్వకుర్తి వైపు మెట్ట, పత్తి, కంది, ఆముదం. కానీ ఇక్కడ ఒక మెలిక ఉంది. పాతకాలంలో మెట్ట ఊళ్లలోనూ చెరువు ఉండేది. తూము ఎప్పుడు తియ్యాలో, ఎవరి మడికి ఎంత నీళ్లో చూసుకోవడానికి నీరటికాడు ఉండేవాడు, ఊరంతా అతని మాట వినేది. బోర్లు వచ్చాక ఎవరి మోటారు వాళ్లది. పక్కవాడి బోరు నా బోరు నీళ్లు లాగేస్తుందేమోనన్న అనుమానం వచ్చింది. కలిసి తూము దగ్గర కూర్చున్న ఊళ్లోనే ఇప్పుడు మోటార్ల గురించి గొడవలు చూస్తాం. దేశం మారలేదు, మతం మారలేదు, నీళ్లు వచ్చే దారి మారింది, దాంతో మనుషుల మధ్య తీరు మారింది.

"నలుగురు ఏమనుకుంటారో" అనే టెన్షన్ మనకే ఎందుకు?

మనకే కాదు. మిషెల్ గెల్‌ఫాండ్ అనే మనస్తత్వవేత్త 33 దేశాల్లో కట్టుబాట్లు ఎంత బిగుతుగా ఉన్నాయో చూసి 2011లో ప్రచురించారు. పాకిస్తాన్, మలేసియా, ఇండియా, సింగపూర్ బిగుతు వైపు, ఉక్రెయిన్ వదులు వైపు. యుద్ధాలు, కరువులు, రోగాలు, జనసమ్మర్దం ఎక్కువ చూసిన దేశాల్లో కట్టుబాట్లు బిగుసుకుంటాయని ఆ బృందం చెప్పింది. ఏడాదికేడాది కరువు చూసిన పాలమూరు వాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది. ఆపద వస్తే ఊరే దిక్కు, అందుకే ఊరి మాటకు అంత బరువు.

కానీ ఆ బరువు అందరి మీదా సమానంగా పడదు. అబ్బాయి రాత్రి పదింటికి వస్తే ఎవరూ అడగరు. అమ్మాయి ఆరింటికి వస్తే వీధి వీధంతా అడుగుతుంది. చదువులో ముందుండే అమ్మాయిలను హైదరాబాద్ ఉద్యోగానికి పంపడానికి ఇంట్లో వెనకాడటం నేను ప్రతి ఏడూ చూస్తాను. నాకు చాలా బాధ కలిగించే విషయం ఇది.

మన సంస్కృతిలో ఉన్నదంతా గౌరవించాల్సిందేనా?

లేదు. 2018 సెప్టెంబరులో మిర్యాలగూడలో, కులం దాటి పెళ్లి చేసుకున్న ఒక దళిత యువకుణ్ని, గర్భిణి అయిన భార్య పక్కనుండగానే నరికి చంపారు. కిరాయిచ్చి చంపించారని కేసు. 2025 మార్చిలో నల్గొండ కోర్టు ఒకరికి మరణశిక్ష, ఆరుగురికి యావజ్జీవం వేసింది. పరువు, ఆచారం అనే మాటలతో దీన్ని సమర్థించినవాళ్లు అప్పట్లో ఉన్నారు. ఒక సమాజంలో అలవాటుగా ఉన్నంత మాత్రాన ఏదీ మంచిదైపోదు. "వాళ్ల సంస్కృతి వాళ్లది" అని పరాయి దేశాల గురించి సహనంగా మాట్లాడటం మంచిదే, మనిషి ప్రాణం దగ్గర, స్వేచ్ఛ దగ్గర ఆ మాట ఆగిపోవాలి.

అమెరికాలో ఎమ్మెస్‌కి వెళ్తున్నా. క్లాసులో ఏం తేడా ఉంటుంది?

చాలా మంది ప్రొఫెసర్లు పేరుతో పిలవమంటారు. నోరు రాకపోతే "ప్రొఫెసర్" అని ఇంటిపేరుతో పిలవండి, ఎవరూ తప్పుపట్టరు. కొన్ని కోర్సుల్లో క్లాసులో మాట్లాడినందుకే మార్కులుంటాయి. ప్రశ్న అడిగితే సార్‌ను తక్కువ చేసినట్టు కాదక్కడ, వింటున్నట్టు లెక్క. కోర్సు మొదట్లో ఇచ్చే సిలబస్ కాగితాన్ని ఒప్పంద పత్రంలా చదవండి. గడువు, మార్కుల లెక్క, ఆలస్యానికి కోత అన్నీ అందులో ఉంటాయి.

మన పిల్లలు ఎక్కువ దెబ్బతినేది కాపీ విషయంలో. ఇక్కడ సీనియర్ నోట్స్ రాసుకోవడం, దోస్తు రికార్డు దించుకోవడం సాయం కింద జమ. అక్కడ వేరేవాళ్ల వాక్యాన్ని వాళ్ల పేరు చెప్పకుండా వాడితే దొంగతనం కింద జమ, యూనివర్సిటీ నుంచే పంపించేయొచ్చు. అసైన్‌మెంట్ స్నేహితుడికి పంపినా ఇద్దరికీ శిక్ష పడొచ్చు. వెళ్లేముందే ఈ నియమాలు చదువుకోండి.

ప్రొఫెసర్ పేరుతో పిలవనిచ్చాడు కదా అని అక్కడ పెద్దా చిన్నా లేదనుకోవద్దు. మార్కులు, ఫండింగ్ ఆయన చేతిలోనే ఉంటాయి.

జర్మనీ, జపాన్, గల్ఫ్ కూడా ఇలాగేనా?

ఒక్కోటి ఒక్కో తీరు. జర్మనీలో అధికార దూరం తక్కువ అంకే వచ్చినా, కొత్తవాళ్లను గౌరవ వాచకంతో, ఇంటిపేరుతో పలకరించే పద్ధతి ఇంకా ఉంది. అవతలివాళ్లు చనువిచ్చేదాకా ఆగాలి. పనిలో తప్పుంటే ముఖం మీదే చెప్తారు, మనిషి మీద కోపం ఉండదు. హోఫ్‌స్టెడ్ కొలతల్లో ఇంకోటి అనిశ్చితిని తప్పించుకోవడం, అంటే ఏం జరుగుతుందో తెలియని పరిస్థితికి మనుషులు ఎంత ఇబ్బందిపడతారన్నది; అందులో జపాన్‌కు 92 వచ్చింది (ఇండియాకు 40). మీటింగ్‌కు ముందే అందరితో విడివిడిగా మాట్లాడి ఒప్పించుకోవడం అక్కడ రివాజు.

గల్ఫ్ సంగతి వేరు. ఖతర్, ఎమిరేట్స్ జనాభాలో ఎక్కువమంది బయటి దేశాలవాళ్లే. మీరు రోజంతా మాట్లాడేది మలయాళీలతో, నేపాలీలతో, బంగ్లాదేశీలతో, పాకిస్తానీలతో. మన మహబూబ్‌నగర్ ఉర్దూ అక్కడ బాగా అక్కరకొస్తుంది. అక్కడ మీ నడవడికను ఎక్కువగా మలిచేది అరబ్ సంస్కృతి కంటే వీసా, స్పాన్సర్, కాంట్రాక్టు. పాస్‌పోర్టు కాపీ, కాంట్రాక్టు కాపీ ఇంట్లో ఒకటి ఉంచి వెళ్లండి.

ఇంటర్వ్యూలో నా గురించి నేను ఎలా చెప్పుకోవాలి? గొప్పలు చెప్పుకున్నట్టు ఉంటుంది.

దేవరకొండ దగ్గరి తండా నుంచి వచ్చిన ఒక అమ్మాయితో ఇంటర్వ్యూ సాధన చేయిస్తున్నాను. అనుభవం ఏముందమ్మా అంటే "ఏం లేదు సార్" అంది. ఇంట్లో ఏం పని చేస్తావంటే కాసేపు ఆగి, "మా అమ్మోళ్ల పొదుపు సంఘం లెక్కలు రాస్త సార్, అంతే" అంది. ఎన్నాళ్ల నుంచి? తొమ్మిదో తరగతి నుంచి. ఇంకా అడిగితే ఒక్కొక్కటే బయటికొచ్చాయి. సంఘం తీర్మానాలు తనే రాస్తుంది, బ్యాంకుకు వెళ్లి మేనేజర్‌తో మాట్లాడుతుంది, కిస్తీ కట్టనివాళ్ల ఇంటికి వెళ్లి గొడవ లేకుండా కట్టిస్తుంది. డబ్బుల లెక్క, మనుషులతో వ్యవహారం, మాట నిలబెట్టుకోవడం, ఇంత ఉండి "అంతే" అని ముగించింది.

గుంపుతో కలిసి పెరిగిన మనిషికి "నేను చేశాను" అనడం మొరటుగా తోస్తుంది, ఆ మొహమాటంలో మంచితనం ఉంది. కానీ ఇంటర్వ్యూ చేసేవాళ్లు మీ ఊరి వాళ్లు కారు, మీ గురించి వాళ్లకు చెప్పే మేనమామ అక్కడ ఉండడు. విశేషణాలు వద్దు, జరిగింది చెప్పండి. "కష్టపడి పనిచేస్తాను" అనే బదులు "మా అమ్మ వాళ్ల సంఘానికి తొమ్మిదో తరగతి నుంచి లెక్కలు రాస్తున్నాను" అనండి. అది గొప్ప చెప్పుకోవడం కాదు, సమాచారం.

మా యాస విని నవ్వుతారేమో?

ఎవరన్నా నవ్వితే అది వాళ్ల తప్పు. ఇంగ్లీషులో స్పష్టంగా, కొంచెం నిదానంగా మాట్లాడటం చాలు. తెలుగులో మీ మాట మీరు మాట్లాడండి.

తరం మారితే విలువలు మారిపోతాయా?

మారతాయి, అన్నీ ఒకే వేగంతో కాదు. 1981 నుంచి నడుస్తున్న ప్రపంచ విలువల సర్వే మీద రొనాల్డ్ ఇంగ్లెహార్ట్ చేసిన పని ఇదే చెప్తుంది. తిండికి, భద్రతకు లోటు లేకుండా పెరిగిన తరం స్వేచ్ఛకు, సొంత ఇష్టానికి ఎక్కువ విలువిస్తుంది. లోటుతో పెరిగిన తరం క్రమశిక్షణకు, కలిసి ఉండటానికి ఎక్కువ విలువిస్తుంది. ఫ్లోరైడ్ నీళ్లు తాగి, కరువు చూసి పెరిగిన నాన్న "ముందు ఉద్యోగం పట్టు" అంటాడు. మిషన్ భగీరథ నీళ్లు తాగి పెరిగిన కొడుకు "నాకు నచ్చిన పని చేస్తా" అంటాడు. ఇద్దరూ తమ తమ చిన్నతనానికి న్యాయంగానే మాట్లాడుతున్నారు.

మా అబ్బాయి అమెరికా వెళ్లాక ఫోన్లో ముక్తసరిగా మాట్లాడుతున్నాడు. మారిపోయాడా?

తల్లులు అడిగే ప్రశ్న ఇది, అడిగేటప్పుడు గొంతు వణుకుతుంది. అమ్మా, తొందరపడి అలా అనుకోకండి. మీరు రాత్రి అన్నాలు తిని తీరిగ్గా ఫోన్ చేసే టైమ్‌కు అక్కడ పొద్దున. పిల్లాడు క్లాసుకో పనికో ఉరుకుతుంటాడు. పైగా రోజంతా పొడి పొడి ఇంగ్లీషు మాటలతో గడిపి అదే అలవాటులో మీతోనూ పొడిగా మాట్లాడొచ్చు. "తిన్నవా, పన్నవా" అనే ప్రశ్నలకు వాడు "ఆ" అంటాడు, అంతకుమించి చెప్పడానికి అందులో ఏముంది? వంట ఏం చేశావ్, రూమ్‌లో ఎవరెవరున్నారు, మంచు పడుతోందా అని అడగండి. మీ సంగతులూ చెప్పండి. గేదె ఈనిందని, పక్కింటి వాళ్ల గృహప్రవేశం అయిందని, వాన పడలేదని. వాడికి ఇంటి మీద బెంగ ఉంటుంది, ఎలా చెప్పాలో తెలియదు.

వారానికి ఒక రోజు, ఒక టైమ్ ఇద్దరూ అనుకుని పెట్టుకోండి. న్యూయార్క్ వైపు ఉంటే, వేసవిలో అక్కడ రాత్రి 9 గంటలకు మనకు తెల్లారి 6:30. నవంబరు మొదట్లో వాళ్లు గడియారం ఒక గంట వెనక్కి తిప్పుతారు, అప్పటి నుంచి మార్చి దాకా అదే 9 గంటలకు మనకు 7:30 అవుతుంది. టెక్సాస్ వైపు ఉంటే దీనికి ఇంకో గంట కలపండి.